జనం ఉండని చోటు

నా ఉద్యోగం ఏమిటని చుట్టాలు అడిగితే చెప్పడం నాకిప్పటికీ చేతకాదు. "బిల్డింగులకు మార్కులేస్తుంది" అంటాడు మా ఆయన, పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్నవాళ్ళతో. అది సగమే నిజం. మార్కులు వేసేవాళ్ళు వేరే ఉన్నారు, ఎక్కడో నగరంలో చల్లటి గదుల్లో. నేను ఆ మార్కుల కోసం కట్టడాన్ని తయారుచేసే మనిషిని. కర్నూలు, కడప జిల్లాల్లో ఎవరైనా మిల్లో గోదామో కట్టి, దాని గోడకు హరిత భవనం అన్న పలక తగిలించుకోవాలనుకుంటే, నేను ప్లాను చుట్టి చంకన పెట్టుకుని బస్సెక్కుతాను.

వెళ్ళి చేసే పని చెబితే నవ్వుతారు. లోపలంతా తిరిగి, ఎక్కడ మనుషులు ఉంటారు, ఎక్కడ ఉండరు అని చూసి ప్లాను మీద రంగులు వేస్తాను. రోజులో గంటకు మించి ఎవరైనా కూర్చునో నిలబడో పని చేసుకునే జాగా అయితే అది జనం ఉండే చోటు. అక్కడ చేసే పనికి చాలినంత వెలుతురు ఉండాలి. దాన్ని వెలిగించుకునే స్విచ్చి ఆ పని చేసే మనిషి చేతికి అందాలి. మెట్లు, కరెంటు గది, సరుకు నిలువ పెట్టే ర్యాకుల వరసలు, ఇవన్నీ జనం ఉండని చోట్లు. వాటికి ఇన్ని పట్టింపులు లేవు, మనిషి నడిచి పోయేటప్పుడు కాలికి ఏమీ తగలకుండా కనిపిస్తే చాలు.

ఒకసారి మా అమ్మాయి ఈ రూలు విని మా ఇంటికే రంగులు వేసింది. హాల్లో సోఫా మీద వాళ్ళ నాన్న గంటకు మించి ఉంటాడు కాబట్టి అక్కడ రెండు ట్యూబులైట్లు ఉన్నాయి, సరిపోయిందంది. వంటింట్లోకి వచ్చి, పొగ పట్టిన బల్బు వైపు చూసి, "ఇక్కడ ఎవరూ ఉండరు గదమ్మా" అని నవ్వింది. నేనూ నవ్వాను. మరుసటి ఆదివారం కొత్త బల్బు తెచ్చి బిగించింది కూడా తనే. మా ఆయనకు అది ఇవాళ్టికీ తెలియదు.

ఇంత చెప్పాక, ఈ పనిలో నాకు విసుగు ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. ఎండ ఒక్కటే కారణం కాదు. పుట్టింది రాయచోటి దగ్గర, మెట్టినది కర్నూలు, ఎండ నాకు కొత్తేం కాదు. ఎక్కడికి వెళ్ళినా జనం ఉండే చోటు తక్కువని, ఉండని చోటు ఎక్కువని చూపించమని అడుగుతారు. జనం ఉంటే ఖర్చు. ఆ ఒక్క మాటను మర్యాదగా తిప్పి తిప్పి చెప్పేవాళ్ళతో టీలు తాగి తాగి నా కడుపు చెడింది. సాయంత్రం బస్సులో కిటికీకి తల ఆనించుకుంటే ఇల్లు వచ్చినా లేవబుద్ధి కాదు.

ఈ గోదాము కర్నూలు దాటాక హైవే పక్కన ఉంది. విత్తనాలు, వేరుశనగ, కందులు గోతాల్లో వచ్చి, ర్యాకుల్లో కొన్నాళ్ళు ఉండి, మళ్ళీ లారీలెక్కి పోతాయి. సరుకు కొనే పెద్ద కంపెనీ ఒకటి, హరిత భవనం పలక ఉన్న గోదాముల్లోనే సరుకు పెడతామని పట్టుబట్టిందట. అందుకని నన్ను పిలిచారు. మేనేజరు యజమానికి దగ్గరి బంధువు, పత్తికొండ వైపు మనిషి. టమాటా మార్కెట్లో పెరిగినందుకో ఏమో, ఎదురుగా ఉన్నవాళ్ళతో కూడా వేలం పాట గొంతుతోనే మాట్లాడతాడు. చెడ్డవాడు కాదు. నేను పోయిన ప్రతిసారీ ముందు మజ్జిగ తెప్పించి, తాగేదాకా ఊరుకోడు.

మొదటిసారి ఆయనతో లోపల నడుస్తుంటే, మేం ఏ వరసలో అడుగు పెడితే ఆ వరసలో లైట్లు వాటంతటవే వెలిగాయి. దూలాల దగ్గర సెన్సార్లు పెట్టించారు. మనుషులు కదిలితే వెలుగుతాయి, లేకపోతే ఆరిపోతాయి. "కరెంటు ఒక్క చుక్క కూడా దండగ కాదు మేడం" అన్నాడు మేనేజరు, ఆ లైట్లను తనే కనిపెట్టినట్టు. బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

చిట్టచివరి వరస వెనక, గోడకూ ర్యాకులకూ మధ్య ఒక మూల ఉంది. ప్లానులో అది నిలువ జాగా. మేం పోయేసరికి ఖాళీగానే ఉంది. కానీ నేల మీద పరిచిన గోతం మీద ఒక కళ్ళద్దాల జత, కాడలు మడిచి జాగ్రత్తగా పెట్టి ఉంది. పక్కన టిఫిన్ బాక్సులు, నీళ్ళ సీసాలు, పురికొస ఉండ.

"ఈడ ఎవరుంటారు?" అన్నాను.

"ఎవరూ ఉండరు మేడం. నిలువ వరసే ఇది. గోతాలు కుట్టేవాళ్ళు అప్పుడప్పుడు కూచుంటారు, అంతే."

"అప్పుడప్పుడు అంటే?"

"గోతాలు చినిగినప్పుడు."

"గోతాలు చినగని రోజు ఉంటుందా?"

ఆయన కాసేపు నిజంగానే ఆలోచించాడు. "అట్లాంటి రోజు నేనొచ్చినాక చూడలేదు మేడం" అన్నాడు. అందులో తిరకాసు ఏమీ లేదు. రోజూ ఉండేవాళ్ళను ఆయన రోజూ చూస్తున్నాడు, అయినా ఆ మూల ఆయన లెక్కలో ఖాళీయే.

కుట్టేవాళ్ళు ఏరని వెతికితే బయట దొరికారు. గోడ పక్కన జానెడు నీడలో నలుగురు ఆడవాళ్ళు, కొంగులు తల మీదికి లాక్కుని, వరసగా నిలబడి ఉన్నారు. ఎవరైనా పొమ్మన్నారా అని అడిగాను. ఎవరూ పొమ్మనలేదు. "పెద్దోళ్ళొచ్చినారు గదా మేడం, లేచి వచ్చినాము" అంది వాళ్ళలో పెద్దావిడ. మా ప్రాంతంలో అది మర్యాద. పెద్దవాళ్ళు వస్తే ఎదురుగా కూర్చోరు, పని చేసేచోట అడ్డంగా నిలబడరు, ఆ జాగా వదిలేసి పోతారు. నేను నవ్వడానికి లేదు. మా ఆఫీసులో పైఅధికారి నా గది దాటి పోతుంటే, ఆయన నా వైపు చూడకపోయినా సరే, కుర్చీలోంచి లేచే మనిషిని నేను. తనిఖీలకు నగరం నుంచి ఎవరైనా వస్తే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్లాను పట్టుకుని వాళ్ళ వెనక నిలబడతాను. కాళ్ళు పీకుతున్నాయని ఎవరితో చెప్పను.

కానీ ఇలా అయితే నాలాంటివాళ్ళు ఎన్నిసార్లు వచ్చినా ఆ మూల ఖాళీగానే కనిపిస్తుంది. అది తట్టగానే ఒళ్ళు మండింది. ఎవరి మీద కోపమో తెలియదు, ఎండ మీద కూడా కావచ్చు. వాళ్ళను లోపలికి పిలుచుకొచ్చాను. కూర్చోమంటే కూర్చోలేదు. చివరికి నేనే గోతాల కుప్ప మీద చతికిలబడ్డాను. అప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుని కూర్చున్నారు.

పెద్దావిడ కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది. అవి ఆమెవే. దబ్బనంలో పురికొస ఎక్కించి, ఒళ్ళో గోతం పరుచుకుని కుట్టడం మొదలుపెట్టింది. వీళ్ళంతా పక్క పల్లె నుంచి వస్తారు. పొద్దున్నే ఈ మూలలోనే తలలు వంచి ప్రార్థన చేసుకుని, పని మొదలుపెట్టి, సాయంత్రం బస్సు దాకా ఉంటారు. మాటలు సాగుతుండగా ఉన్నట్టుండి మొత్తం చీకటైపోయింది. నేను ఉలిక్కిపడ్డాను. వాళ్ళెవరూ ఉలిక్కిపడలేదు. ఆ చీకట్లోనే ఒకామె లేచి, ఖాళీ గోతాన్ని తల మీద గిరగిరా తిప్పింది. లైటు వెలిగింది. ఆమె మళ్ళీ కూర్చుంది.

"ఏం జేస్తాండావమ్మా?" అన్నాను.

"దాన్ని లేపుతాండా మేడం. మేము కూచుంటే మేముండేది దానికి తెల్దు. నిద్ర పోతాది."

అందరూ నవ్వారు. ఫోర్క్‌లిఫ్టు బండ్లకూ, మూటలు మోసే హమాలీలకూ సరిపోయేలా అంత ఎత్తున పెట్టిన సెన్సారు అది. నేల మీద కూర్చుని చేతివేళ్ళు మాత్రమే కదిలించే మనుషులు దాని కంటికి ఆనరు. వంతులు వేసుకుని లేచి గోతం తిప్పుతారట. పెద్దావిడకు మోకాళ్ళ నొప్పులని ఆమెకు వంతు లేదు. ఆమె ఎడమ అరచేతికి గుడ్డపీలిక చుట్టి ఉంది. అడిగితే చెయ్యి చాటు చేసుకుంది. పక్కామె చెప్పింది, లైటు ఆరిన క్షణంలో దబ్బనం అరచేతిలోకి దిగిందని. "కుట్టేటప్పుడు చెయ్యి ఒక్కపాటున ఆగదు గదా మేడం" అని.

షట్టరు దగ్గర వెలుతురుంది గదా, అక్కడ కూర్చోవచ్చు గదా అని అడగబోయి ఊరుకున్నాను. అది ఫోర్క్‌లిఫ్టు తిరిగే దారి.

మేనేజరు అంతా విన్నాడు. ఆయనకు బాధ కలిగింది, అది మొహంలో కనిపించింది. వెంటనే పరిష్కారం కూడా తట్టింది. "వీళ్ళను బయట రేకుల షెడ్డులోకి పంపిస్తా మేడం. ఆడ కావలసినంత వెలుతురు. ఈ మూలలో ఇంకో ర్యాకు కూడా పడతాది. మీకూ గొడవ లేదు, మాకూ లేదు." ఎంత మంచి మనసుతో అన్నాడో. ఆ నలుగురి చేతులూ ఒక్కసారి ఆగిపోయాయి.

నేను బయలుదేరేటప్పుడు పెద్దావిడ కుంటుకుంటూ గేటు దాకా వచ్చింది. "తల్లీ, మమ్మల్ని రాయొద్దు" అంది. "చీకటైతే ఏముండాది, నీడ ఉండాది గదా. పోయిన ఎండాకాలం ఆ రేకుల కింద కూచుంటే మా చెల్లెలు కళ్ళు తిరిగి పడిపోయింది. మళ్ళీ పనికి రాలేదు. మేమీడ ఉండామని రాస్తే ఆడికి తోలుతారు. నీకు పుణ్యముంటాది."

బస్సులో కూర్చున్నాక ఆమె మాటే చెవిలో పడుతూ ఉంది. ఉన్నారని రాస్తే వెలుతురు రావాలి, కానీ జాగా పోతుంది. లేరని రాస్తే జాగా ఉంటుంది, కానీ ఆ చీకట్లో దబ్బనం ఆగదు. ఇన్నేళ్ళుగా రంగులు వేసిన ప్లానులన్నీ గుర్తొచ్చి నిజంగా అలసిపోయాను. ఇంటికి పోయి అన్నం కూడా వద్దని పడుకున్నాను. ఏమైందని అమ్మాయి అడిగితే కాళ్ళనొప్పులన్నాను.

పొద్దున లేచాక కాస్త తెలివి వచ్చింది. మేనేజరుకు ఫోను చేశాను. ఆఫీసు తెలుగు పక్కన పెట్టి మా ఊరి తెలుగులో మాట్లాడాను.

"ఏమప్పా, ఆ షెడ్డు ఎవరిది? మీ కాంపౌండులోదే గదా? వాళ్ళు యాడ కూచుంటే నా రంగు ఆడికే వస్తాది. షెడ్డులో కూచోబెడితే ఆ షెడ్డు జనం ఉండే చోటు అవుతాది. అప్పుడు ఆ రేకుల వేడికి ఏం చేస్తారో, గాలికి ఏం పెడతారో అంతా నాకు చూపించాల. చూపిస్తావా? దానికన్నా ఆ మూలలో లైట్లు వేలాడదీసేది శానా తేలిక."

రూలు అంత సూటిగా లేదు. కానీ నా గొంతు సూటిగా ఉంది. ఆయన యజమానితో మాట్లాడి తిరిగి ఫోను చేశాడు. లైట్లు పెడతారు. కానీ నగరం నుంచి తనిఖీకి వచ్చే పెద్దాయన తన కళ్ళతో చూసి, ఇది జనం పని చేసే చోటేనని ఒప్పుకోవాలి. ఆయన కాదంటే ఆ మూలలో ర్యాకు వస్తుంది, కుట్టేవాళ్ళు షెడ్డులోకి పోతారు. యజమాని మాట అదీ.

లైట్లు వచ్చాయి. ఆ మూల మీదున్న సెన్సారు లైటు తీసేశారు. ర్యాకు కమ్మీ నుంచి కిందికి వేలాడేలా, నేల మీద కూర్చున్న మనిషి ఒళ్ళో వెలుతురు పడేలా పెట్టారు. స్విచ్చి స్తంభానికి కిందుగా, కూర్చున్నచోటి నుంచే అందేలా పెట్టించాను. బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియను నా వైపు వింతగా చూశాడు, స్విచ్చి అంత కింద పెట్టించుకునేవాళ్ళను ఎప్పుడూ చూడలేదట. పెద్దావిడ ముందు కొంగుతో స్విచ్చిని తుడిచింది. తర్వాత వేసింది. ఒళ్ళో ఉన్న గోతాన్ని అటూ ఇటూ తిప్పి, "దీని పోగులన్నీ కనపడతాండాయి మేయ్" అంది పక్కామెతో. మేనేజరు అక్కడే ఉండి, "పనయినాక ఆర్పాల, మర్చిపోవద్దు" అన్నాడు. అందరూ తలలూపారు.

తనిఖీకి ముందురోజు నేను మళ్ళీ పోయి బతిమాలాను. రేపు ఎవరొచ్చినా లేవొద్దు. కుట్టేది కుడుతూనే ఉండండి. మీరు కనపడకపోతే తనిఖీకి వచ్చే ఆయన ఖాళీ అని రాసుకుంటాడు.

"పెద్దాయన నిలబడి ఉంటే మేము కాళ్ళు జాపుకుని కూచుంటే బాగుంటాదా మేడం?" అంది ఒకామె. "మా పాస్టరయ్య వస్తేనే లేస్తాము."

"పాస్టరయ్యకు లేవండి. ఈయనకు వద్దు."

మళ్ళీ నవ్వారు. సరేనన్నారు. పెద్దావిడ మాత్రం నవ్వలేదు, తల ఊపి గోతంలోకి దబ్బనం దించింది.

పొద్దున వస్తానన్న పెద్దాయన మధ్యాహ్నం దాటాక వచ్చాడు. కారు గేట్లోకి రాగానే మేనేజరు పరుగు తీశాడు, వాచ్‌మన్ పరుగు తీశాడు, కొబ్బరిబొండాలు పరుగున వచ్చాయి. పెద్దాయన మెల్లగా మాట్లాడే మనిషి. ఎండకు మొహం కందిపోయి, ఆయన కూడా నాలాగే అలసిపోయి ఉన్నాడు. ఒక్కో వరస చూస్తూ, తలాడిస్తూ నడుస్తున్నాడు. నేను ప్లాను పట్టుకుని రెండడుగులు వెనక.

చివరి వరసకు కాస్త దూరంలో ఉండగా వినపడింది, టప్‌మని స్విచ్చి చప్పుడు. ర్యాకుల సందుల్లోంచి అప్పటిదాకా కనిపిస్తున్న వెలుతురు ఆరిపోయింది. ఆ వెంటనే గాజుల చప్పుడు, చీరల గరగర, వెనక తలుపు దగ్గర అడుగులు. లేచి పోయారు. పోతూ పోతూ, చెప్పిన మాట మర్చిపోకుండా లైటు కూడా ఆర్పేసి పోయారు.

మేము మూల దగ్గరికి చేరేసరికి అక్కడంతా మసక. మా వెనక వరసలోని లైటు వెలుగు ర్యాకుల వల్ల అక్కడిదాకా రాదు. పెద్దాయన తొంగి చూశాడు. "ఇది నిలువ జాగానే కదా" అని, జేబులోంచి పెన్ను తీశాడు. కాదు సార్, అనబోయాను. ఇన్నేళ్ళ అలవాటు, అలాంటివాళ్ళ మాట మధ్యలో అడ్డం పడడానికి నోరు పెగలలేదు.

"ఈడ ఉండాను నాయనా."

చీకట్లోంచి వచ్చింది ఆ మాట. టప్‌మని స్విచ్చి పడింది. వెలుతురులో పెద్దావిడ కూర్చుని ఉంది. కాళ్ళు జాపుకుని, ఒళ్ళో గోతం, చేతిలో దబ్బనం. ఒక చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది.

మేనేజరు ముందుకొచ్చాడు. "లేయ్ పెద్దమ్మా, సారొచ్చినారు" అన్నాడు.

ఆమె లేవలేదు. బతుకంతా ఎవరొచ్చినా లేచి పక్కకు తప్పుకున్న మనిషి. మోకాళ్ళ నొప్పులతో కూడా మొదటిరోజు నేను వస్తున్నానని లేచి బయటికి పోయి నిలబడిన మనిషి. తల ఎత్తి పెద్దాయన వైపు చూసింది.

"లేస్తే ఖాళీ అని రాసుకుంటారంట గదా నాయనా. అందుకే లేయలేదు. తప్పుగా అనుకోవద్దు."

పెద్దాయన పెన్ను మూత పెట్టాడు. "ఎంతసేపు ఉంటావమ్మా ఇక్కడ?" అని అడిగాడు.

"పొద్దున ప్రార్థన చేసుకుని కూచుంటాము. సాయంత్రం బస్సుకు లేస్తాము" అంది. తర్వాత వెనక తలుపు వైపు తిరిగి కేకేసింది. "ఎండలో యాల నిలబడినారు? రాండి మేయ్, కూచోండి."

తలుపు సందులోంచి ఒక మొహం కనిపించింది. తర్వాత ఇంకొకటి. కొంగులు సర్దుకుంటూ ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. "లేవగూడదనే అనుకున్యాము మేడం. కాళ్ళు వాటంతటవే లేచినాయి" అంది ఒకామె నా పక్క నుంచి పోతూ, గొంతు తగ్గించి. నిలబడి ఉన్న ఆ పెద్దాయన ముందు, మేనేజరు ముందు, ఎవరి జాగాలో వాళ్ళు కూర్చున్నారు. గోతాలు ఒళ్ళోకి లాక్కున్నారు. మా నీడ వాళ్ళ పని మీద పడుతోందని చూసుకుని పెద్దాయనే రెండడుగులు వెనక్కి జరిగాడు.

నాకు ఏడుపొచ్చింది. సంతోషమో, ఒళ్ళు తెలియని అలసటో, అంత విడమరిచి చెప్పలేను. ఆయన నా చేతిలోంచి ప్లాను తీసుకుని, గోడకు ఆనించి, ఆ మూల మీద తనే రాసుకుంటున్నాడు. పెద్దావిడ పక్కనున్న గోతాల కుప్పను అరచేత్తో తట్టి, "పొద్దున్నుంచి నిలబడే ఉండావు, రా తల్లీ" అంది నాతో. నాకెవరూ అలా చెప్పి చాలా ఏళ్ళయింది. పెద్దాయన అక్కడే నిలబడి ఉన్నాడు, నా వైపు కూడా చూశాడు.

నేను కూర్చున్నాను.